విసర్జనకు వేళా, చోటూ

చరకసంహిత సూత్రస్థానంలో దినచర్యను, ఋతుచర్యను వివరించిన అధ్యాయాల వెంటనే వచ్చే ఏడవ అధ్యాయం, శరీరంలో పుట్టే పదమూడు వేగాలను, అంటే మనిషి ప్రమేయం లేకుండా వాటంతటవే ముంచుకొచ్చే సహజ ప్రేరణలను పేర్కొని, వాటిని బలవంతాన ఆపుకోరాదని చెబుతుంది. ఆ పట్టికలో మూత్రం, మలం ముందు వరుసలోనే ఉంటాయి. అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర వంటివి వాటి తర్వాత వస్తాయి. ఏ వేగాన్ని ఆపుకుంటే ఏ బాధ కలుగుతుందో, దానికి ఏ ఉపశమనం చేయాలో చెప్పిన తర్వాత అదే అధ్యాయం, ఆపుకోవలసిన వేగాలు కూడా కొన్ని ఉన్నాయని, అవి లోభం, శోకం, భయం, క్రోధం వంటి మనోవేగాలని అంటుంది. ఈ విభజనలోని ప్రతి వివరాన్నీ నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు గానీ, దీనిని సమకాలీన జీవితం పక్కన పెట్టి చూసినవారికి ఆ జీవితం సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నట్లు తోచక మానదు: సమావేశంలో కోపాన్ని ఒక్క నిమిషం ఆపుకోలేని పెద్దమనిషి, అదే సమావేశంలో మూత్రాన్ని మూడు గంటలు ఆపుకొని కూర్చోగలడు, పైగా దానిని మర్యాద అనుకుంటాడు.

విసర్జక అవయవాల ఆరోగ్యం అనగానే చర్చ దాదాపు ఎప్పుడూ లోపలికి తీసుకోవలసిన వాటి మీదికి మళ్లుతుంది. పొద్దున్నే ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలి, ఏ రసం మూత్రపిండాలను కడుగుతుంది, ఏ చూర్ణం పేగులను శుభ్రం చేస్తుంది అన్న ప్రశ్నలకు పత్రికల ఆరోగ్య పుటల్లోనూ, చేతి ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ జవాబులకు కొదవ లేదు. ఈ ధోరణి వెనుక ఒక అపోహ ఉంది. విసర్జక అవయవాలు మురికి పట్టిపోయే గొట్టాలనీ, వాటిని అప్పుడప్పుడు తోమి శుభ్రం చేయాలనీ అది నమ్మిస్తుంది. నిజానికి అవి శరీరంలో అత్యంత సమర్థంగా, అత్యంత నిశ్శబ్దంగా పనిచేసే అవయవాలలో చేరతాయి. వాటికి సహాయం కంటే ముందు కావలసింది ఆటంకం లేకపోవడం. ఆటంకాలలో కొన్ని మనిషి స్వయంగా కల్పించుకునేవి, మరికొన్ని అతను బతికే చోటు అతని మీద రుద్దేవి. అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండవ రకాన్ని మరచిపోవడం ఆరోగ్య సలహాదారులకు ఉన్న పెద్ద లోపం.

మూత్రపిండాల పనితీరును కొంచెం వివరంగా చూస్తే ఈ మాట స్పష్టపడుతుంది. నడుముకు పైభాగంలో వెన్నెముకకు చెరోవైపున ఉండే ఈ అవయవాలు ఒక్కొక్కటి సుమారు నూట ఏభై గ్రాముల బరువే ఉంటాయి. అయినా గుండె నిమిషానికి పంపే సుమారు ఐదు లీటర్ల రక్తంలో ఒక లీటరుకు పైగా వీటి గుండానే సాగుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే కంటికి కనిపించనంత సన్నని వడపోత నాళికలు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో కేశనాళికల గుచ్ఛం ఒకటి ఉండి, రక్తకణాలను, పెద్ద ప్రొటీన్లను మాత్రం ఆపి మిగిలినదంతా నాళికలోకి వదిలేస్తుంది. ఇలా రోజుకు వడపోతకు గురయ్యే ద్రవం సుమారు 180 లీటర్లు; బయటికి పోయే మూత్రం ఒకటిన్నర లీటరు, కొంచెం అటూ ఇటూ. అంటే వడగట్టిన దానిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు తిరిగి రక్తంలోకే చేరుతుంది. సంక్రాంతికి ముందు ఇంట్లోని సామానంతా వాకిట్లోకి చేర్చి, పనికొచ్చేది మాత్రమే మళ్లీ లోపలికి తెచ్చుకునే ఇల్లాలి పద్ధతి ఇది. ఏది చెత్తో ముందే నిర్ణయించి దానిని ఏరి పారేసే పద్ధతి అయితే, మానవజాతి కొత్తగా తినడం మొదలుపెట్టిన ప్రతి పదార్థానికీ ఒక కొత్త గుర్తింపు విధానం కావలసి వచ్చేది. అన్నింటినీ బయటపెట్టి అవసరమైన వాటినే వెనక్కి తెచ్చుకునే పద్ధతి వల్ల, మూత్రపిండం ఎన్నడూ చూడని పదార్థాలు కూడా చాలావరకు వాటంతటవే బయటికి పోతాయి.

ఇంత పని చేసే నెఫ్రాన్లు పుట్టిన తర్వాత కొత్తగా ఏర్పడవు. చెడిపోయిన వాటి పనిని మిగిలినవి పంచుకుంటాయి. ఈ పంచుకోవడం ఎంత చక్కగా సాగుతుందంటే, సగానికి పైగా సామర్థ్యం పోయినా మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. గుండె నొప్పితో హెచ్చరిస్తుంది, పన్ను సలిపి హెచ్చరిస్తుంది. మూత్రపిండం మాత్రం ఆ పని చాలా ఆలస్యంగా చేస్తుంది. ఈ అవయవం విషయంలో ‘ఒంట్లో బాగానే ఉంది కదా’ అన్న మాటకు సాక్ష్యంగా విలువ తక్కువ. దీనిని ఎక్కువగా దెబ్బతీసేవి మధుమేహం, అధిక రక్తపోటు అని వైద్యులు చెబుతూనే ఉన్నారు. రెండూ వడపోత గుచ్ఛాలలోని సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి నెమ్మదిగా చెడగొడతాయి. కాబట్టి మూత్రపిండాలను కాపాడుకునే అలవాట్లలో మొదటిది మూత్రంతో ఏమాత్రం సంబంధం లేనట్లు కనిపించే అలవాటు: చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచుకోవడం. రెండవది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచాడు, చాలంటుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప వంటివి పళ్లెంలో పక్కవాయిద్యాలుగా కాక ప్రధాన గాత్రంగా మారిన ఇళ్లలో ఆ హద్దు మధ్యాహ్న భోజనంతోనే దాటిపోతుంది.

నీటి విషయంలో మోతాదును మించిన ఉపదేశం జరుగుతోంది. అందరికీ ఒకే లెక్కన ఇన్ని లీటర్లు అని నిర్ణయించడానికి శాస్త్రాధారం బలంగా లేదు. ఎండలో పనిచేసే రైతుకూలీకీ, చల్లని గదిలో కూర్చునే ఉద్యోగికీ అవసరం ఒకటి కాదు. దాహం, మూత్రపు రంగు ఆరోగ్యవంతులకు చాలావరకు నమ్మదగిన కొలతలు: మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే సరిపోయినట్లు, ముదురు పసుపులోకి మారితే చాలనట్లు. ఒకసారి రాళ్లు వచ్చినవారి సంగతి వేరు. వారు రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంతగా తాగాలి. రాళ్లలో అధికభాగం కాల్షియం ఆక్సలేట్‌తో తయారైనవి కాబట్టి పాలు, పెరుగు మానేయాలని చాలామంది అనుకుంటారు గానీ, ఆహారంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకొని మలంతో బయటికి పంపుతుంది. మానవలసింది మజ్జిగ కాదు, ఎక్కువైన ఉప్పు. నిమ్మరసంలోని సిట్రేట్ రాయి కట్టకుండా కొంత అడ్డుపడుతుంది. ఉలవచారు, అరటిదవ్వ, కొండపిండి ఆకు రాయిని కరిగిస్తాయన్న నమ్మకం తెలుగు ఇళ్లలో గట్టిగా ఉంది. వీటిలో ఆహారంగా తినేవాటిని తినవచ్చు గానీ, వాటి మీద భరోసాతో నొప్పిని, జ్వరాన్ని, మూత్రంలో రక్తాన్ని ఉపేక్షించడం ప్రమాదకరం. ఇక గుండె బలహీనపడినవారికి, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఎక్కువ నీరే శత్రువు అవుతుంది. నలుగురికీ కలిపి చెప్పిన సలహా ఈ ఇద్దరి చెవిన పడితే ఏమవుతుందో సలహా ఇచ్చేవారు ఆలోచించరు.

మూత్రపిండం ఆగకుండా తయారు చేసే మూత్రం మూత్రవాహికల గుండా బొట్టుబొట్టుగా మూత్రాశయంలోకి చేరుతుంది. కండరపు సంచి అయిన మూత్రాశయం నిండేకొద్దీ సాగుతుంది. సుమారు 150 నుంచి 250 మిల్లీలీటర్లు చేరేసరికి మొదటి సూచన మెదడుకు అందుతుంది, 400 నుంచి 500 మిల్లీలీటర్లకు ఆ సూచన ఒత్తిడిగా మారుతుంది. ఈ సూచనను వాయిదా వేయగలగడం మనిషి పసితనంలో ఎంతో శ్రమతో నేర్చుకునే విద్య. ఆ విద్యను అతిగా వాడుకున్నవారిలో చరిత్రకెక్కినవాడు డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే. 1601 అక్టోబరులో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక విందులో, మధ్యలో లేచి వెళ్లడం మర్యాద కాదని మూత్రాన్ని ఆపుకొని కూర్చున్నాడనీ, ఇంటికి వచ్చాక మూత్రం బంధించి, తీవ్రమైన బాధతో పదకొండవ రోజున మరణించాడనీ ఆయన సహాయకుడు కెప్లర్ రాసిపెట్టాడు. ఎవరో విషం పెట్టి చంపారన్న అనుమానం శతాబ్దాల పాటు నడిచి, 2010లో సమాధిని తెరిచి చేసిన పరీక్షలతో 2012లో వీగిపోయింది. ఒక్క పూట ఆపుకున్నంత మాత్రాన ఆరోగ్యవంతుడు చనిపోడు. ఆయనకు ముందునుంచే ఏదో లోపం ఉండి ఉంటుందని నేటి వైద్యులు ఊహిస్తారు. అయినా నక్షత్రాల స్థానాలను అప్పటివరకు ఎవరూ కొలవనంత నిర్దుష్టంగా కొలిచినవాడు బల్ల దగ్గర నుంచి లేవడానికి మొహమాటపడ్డాడన్న సంగతిలో, విసర్జన పట్ల నాగరికత పెంచుకున్న సిగ్గు ఎంత బలమైనదో తెలుస్తుంది.

ఆ సిగ్గు భారం అందరి మీదా సమానంగా పడదు. పురుషుడికి సుమారు ఇరవై సెంటీమీటర్లు ఉండే ప్రసేకం, అంటే మూత్రాశయం నుంచి బయటికి వచ్చే నాళం, స్త్రీకి నాలుగు సెంటీమీటర్లే. సూక్ష్మజీవులు ఆ కొద్ది దూరం దాటి మూత్రాశయానికి చేరడం తేలిక. మూత్రం తరచుగా, ధారాళంగా వెళ్లడమే వాటిని కడిగివేసే సహజ రక్షణ. నీళ్లు తక్కువ తాగి, వచ్చినదాన్ని గంటల తరబడి ఆపుకుంటే ఆ రక్షణ రెండు విధాలా దెబ్బతింటుంది. స్త్రీలు సరిగ్గా ఆ పనే చేస్తున్నారు, చేయాలని కోరుకొని మాత్రం కాదు. పత్తి ఏరే, మిరపకాయలు కోసే కూలీ స్త్రీలకు చేలో మరుగు ఉండదు. బట్టల దుకాణంలో పొద్దుటి నుంచి నిలబడి చీరలు పరిచి చూపించే అమ్మాయికి ఆ అంతస్తులో వాడుకోదగిన గది ఉండకపోవచ్చు. బస్సు కండక్టరుకు, కూడలిలో నిలబడే పోలీసుకు డ్యూటీ దిగేదాకా దారి దొరకదు. వీరంతా కనిపెట్టుకున్న పరిష్కారం ఒక్కటే: నీళ్లు తాగకపోవడం. మూత్రంలో మంటతో, చలిజ్వరంతో ఆసుపత్రికి వచ్చిన స్త్రీకి ‘నీళ్లు బాగా తాగమ్మా’ అని చెప్పి పంపే వైద్యుడు తప్పు చెప్పడం లేదు గానీ, ఆమె తాగకపోవడానికి కారణం తెలియనితనం అనుకుంటే మాత్రం పొరబడుతున్నాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికులకు, స్త్రీపురుషులకు విడివిడిగా, మరుగుదొడ్లు ఉండి తీరాలంది. పొలం ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ రక్షణ గట్టు దాటి రాలేదు.

ఆపుకోవడం చెడ్డదే, అయితే అవసరం లేకున్నా ముందుజాగ్రత్తగా అరగంటకోసారి వెళ్లి రావడం కూడా మంచిది కాదు. మూత్రాశయం కొద్దిపాటి నిండుదనానికే తొందరపెట్టడం నేర్చుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు మూడు నాలుగు గంటలకు ఒకసారి వెళ్లడం చాలామందికి సహజమైన లయ. వెళ్లినప్పుడు తొందరపడకుండా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఉండటం, ముక్కి బలవంతం చేయకపోవడం చిన్న విషయాల్లా కనిపించినా పనికొచ్చేవి. ఏభై దాటిన పురుషుల్లో ధార సన్నబడటం, రాత్రిళ్లు పదేపదే లేవవలసి రావడం ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల వల్ల కావచ్చు. దానిని వయసు ఖాతాలో వేసి ఊరుకోకుండా ఒకసారి చూపించుకోవాలి.

పేగుల సంగతికి వస్తే, అక్కడ ప్రకృతి ఇచ్చిన వేళను పోగొట్టుకోవడమే అసలు జబ్బు. కడుపులోకి ఆహారం చేరగానే పెద్దపేగు కదలిక పెంచే ప్రతిచర్య ఒకటి శరీరంలో ఉంది. రాత్రంతా నెమ్మదించిన పేగు మేలుకునే ఉదయం వేళ, మొదటి పానీయమో ఫలహారమో పడిన తర్వాత అది బాగా బలంగా ఉంటుంది. మలం పురీషనాళంలోకి, అంటే పెద్దపేగు చివరి భాగంలోకి దిగినప్పుడు దాని గోడలు సాగి పిలుపు పంపుతాయి. ఆ పిలుపును బడి బస్సు కోసమో, ఎనిమిది గంటల డ్యూటీ కోసమో తోసిపుచ్చితే అది కాసేపటికి తగ్గిపోతుంది. మలం అక్కడే ఉండి, పెద్దపేగు దానిలోని నీటిని ఇంకా పీల్చుకోవడం వల్ల గట్టిపడుతుంది. ఇలా నెలల తరబడి జరిగితే పురీషనాళం సాగడానికి అలవాటుపడి పిలవడమే మానేస్తుంది. మలబద్ధకం అని పిలిచే బాధలో కొంత భాగం ఇలా వినకుండా వదిలేసిన పిలుపుల ఫలితం. మొలలు, ఆసనం చీలిక దాని వెంట వచ్చే బంధువులు. కాబట్టి పేగులకు మేలు చేసే అలవాట్లలో అతి చవకైనది, పొద్దున్న పదిహేను నిమిషాలు ముందు లేవడం. ఆ పదిహేను నిమిషాలనూ ఫోను చూస్తూ పీట మీదే గడపడం మాత్రం కాదు, ఎందుకంటే అలా ఎక్కువసేపు కూర్చోవడం ఆసనం దగ్గరి సిరల మీద ఒత్తిడి పెంచుతుంది.

కూర్చునే తీరు గురించి పాతకాలపు నేల దొడ్డికీ, కొత్త కమోడుకూ మధ్య జరిగే వాదంలో ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది. పురీషనాళాన్ని ముందుకు లాగి వంపు తిప్పి ఉంచే ఒక కండరపు పట్టీ ఉంది. నిలబడినప్పుడు, కుర్చీ మీద కూర్చున్నప్పుడు ఆ వంపు మలాన్ని ఆపి ఉంచుతుంది, గొంతుక్కూర్చున్నప్పుడు అది సడలి దారి తిన్నగా అవుతుంది. మోకాళ్లు అరిగిన వృద్ధులకు నేల దొడ్డి శిక్ష అవుతుంది కాబట్టి, వారు కమోడు మీద కూర్చొని పాదాల కింద ఒక జానెడు ఎత్తు పీట వేసుకొని కొంచెం ముందుకు వంగితే రెండు లాభాలూ దక్కుతాయి. ఈ చిన్న ఉపాయానికి విదేశాల్లో ప్రత్యేకమైన బల్లలు తయారు చేసి అమ్ముతున్నారు; తెలుగు ఇళ్లలో వంటింటి ముక్కాలి పీట చాలు.

పీచు పదార్థం గురించి ఐర్లండ్‌లో పుట్టిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ పేరు చెప్పకుండా మాట్లాడటం కష్టం. ఉగాండాలో చాలాకాలం పనిచేసిన ఆయన, అక్కడి గ్రామీణులకు ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు నింపే పేగు జబ్బులు చాలా అరుదని గమనించి, 1972లో సహచరులతో కలిసి రెండు సమాజాల మల పరిమాణాన్ని, ఆహారం పేగులు దాటడానికి పట్టే కాలాన్ని పోల్చి ప్రకటించాడు. ఆఫ్రికా గ్రామీణుల మలం బరువులో ఎక్కువ, ప్రయాణకాలంలో తక్కువ. తేడా పీచులో ఉందని ఆయన వాదన. ఆయన పీచు లేమికి ముడిపెట్టిన జబ్బులన్నీ అంత సులువుగా రుజువు కాలేదు గానీ, పీచు మలానికి పరిమాణాన్ని, మెత్తదనాన్ని ఇస్తుందన్న మాట నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములు సూచిస్తుంది. తవుడంతా పోయేలా పాలిష్ పట్టిన బియ్యంతో మూడు పూటలూ గడిపే ఇంట్లో అంత చేరదు; జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం, తోటకూర, గోరుచిక్కుడు, తొక్కతో తినగల పండ్లు పళ్లెంలోకి రావాలి. ఒక్కరోజులో పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా, తగినన్ని నీళ్లతో పాటు పెంచాలి. పూర్వం పిల్లలకు అప్పుడప్పుడు ఆముదం పట్టించేవారు. అది పేగును రెచ్చగొట్టి పని చేయిస్తుంది తప్ప అలవాటును బాగుచేయదు. సునాముఖి కలిసిన చూర్ణాలను ఏళ్ల తరబడి వైద్యుడిని అడగకుండా రోజూ వేసుకోవడం కూడా అటువంటిదే. అవసరమైతే నీటిని పట్టి ఉంచే ఇసబ్గోల్ వంటిది దానికంటే మృదువైన దారి. మలంలో రక్తం కనిపించినా, నలభై ఏభై ఏళ్ల తర్వాత విసర్జన తీరు ఉన్నట్టుండి మారినా, అది మొలలేలే అని సరిపెట్టుకోకూడదు.

చర్మం, ఊపిరితిత్తుల మీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు. ఊపిరితిత్తులు రోజుకు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతాయి; అవి కోరేది పొగ లేని గాలి ఒక్కటే. చర్మంలో ఇరవై నుంచి నలభై లక్షల స్వేదగ్రంథులు ఉన్నా, చెమట ప్రధానోద్యోగం ఒంటిని చల్లబరచడం; దానితో పోయేది ఎక్కువగా నీరు, ఉప్పు. చెమటతో విషాలు కారిపోతాయని వేడిగదుల్లో కూర్చోబెట్టే వ్యాపారానికి శరీరశాస్త్రంలో అంత ఆధారం లేదు. కాలేయానిది మాత్రం వేరే గౌరవం. ప్రొటీన్లు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే విషపూరితమైన అమ్మోనియాను అది యూరియాగా మార్చి, మూత్రపిండాలు సులభంగా పంపించగల రూపంలో వాటికి అందజేస్తుంది; ఈ చక్రాన్ని 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ వివరించారు. పాత ఎర్ర రక్తకణాల నుంచి వచ్చే పసుపు పదార్థాన్ని పైత్యరసంతో పేగులోకి పంపేదీ కాలేయమే. మలానికి గోధుమ రంగు, మూత్రానికి పసుపు రంగు దాని అవశేషాల వల్లనే వస్తాయి. ఇంత యంత్రాంగం రాత్రింబగళ్లు పనిచేస్తూండగా ‘డిటాక్స్’ పేరుతో సీసాల్లో అమ్మే రసాలు శరీరాన్ని శుద్ధి చేస్తాయని నమ్మడం, తిన్నదానికి పశ్చాత్తాపం కొనుక్కోవడమే. కాలేయానికి నిజంగా మేలు చేసే అలవాట్లు, అంటే సారాయికి దూరంగా ఉండటం, పొట్ట పెరగనివ్వకపోవడం, ఏ మొక్కల మందైనా అడిగి గానీ వాడకపోవడం, సీసాల్లో దొరకవు.

వ్యక్తి అలవాట్లు ఎంత మంచివైనా ఆగిపోయే హద్దు ఒకటి ఉందని తెలుగు నేల మీదే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూపించింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య బతికే జనంలో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు అసాధారణంగా ఎక్కువ. రోగుల్లో చాలామందికి మధుమేహం గానీ, తొలినాళ్లలో రక్తపోటు గానీ ఉండవు. జబ్బు వడపోత గుచ్ఛాలను కాక ముఖ్యంగా నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని తినేస్తుంది కాబట్టి మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా కనిపించకపోవచ్చు, అంటే మామూలు హెచ్చరిక కూడా అందదు. నేలనీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని వల్ల పదేపదే ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ పరిశోధకుల పరిశీలనకు వచ్చాయి. ఒక్కటే కారణమని ఏదీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల చెరకు కూలీల్లోనూ ఇటువంటి జబ్బే కనిపించడం, వేడికీ కాయకష్టానికీ ఇందులో పాత్ర ఉందన్న అనుమానాన్ని బలపరిచింది. మధ్య అమెరికా చెరకు తోటల్లో కొన్నిచోట్ల నీరు, విశ్రాంతి, నీడ అనే మూడింటినీ పని నియమాలుగా మార్చే ప్రయత్నాలు జరిగాయి. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది, పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఇవి అలవాట్లు కావు, ఏర్పాట్లు. ఏర్పాట్లు లేనిచోట అలవాట్లను ఉపదేశించడం నిందించడం కిందికే వస్తుంది.

ఉద్దానమే మరొక జాగ్రత్తను కూడా నేర్పుతుంది. రోజంతా వంగి పనిచేసేవారికి నడుము నొప్పి సహజం, మందుల దుకాణంలో చీటీ లేకుండా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు దొరకడం అంతకంటే సహజం. ఇవి మూత్రపిండానికి రక్తం తెచ్చే నాళాలు తెరుచుకొని ఉండటానికి అవసరమైన రసాయనాల తయారీని అడ్డుకుంటాయి. కడుపునిండా నీళ్లు తాగినవాడికి నాలుగు రోజులు వాడితే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. ఎండలో చెమటోడ్చి ఒళ్లు ఎండిపోయినవాడు అదే మాత్రను రోజూ మింగితే మూత్రపిండం రెండు వైపుల నుంచి దెబ్బ తింటుంది. చివరికి జబ్బు ముదిరినవారికి, ఆ తోటల్లో చేయి చాస్తే అందే కొబ్బరినీళ్లు కూడా నిషిద్ధమవుతాయి, ఎందుకంటే వాటిలో దండిగా ఉండే పొటాషియంను బయటికి పంపే శక్తి వారి మూత్రపిండాలకు మిగలదు.

జబ్బు ఇంత మౌనంగా వస్తుంది కాబట్టి పరీక్షే దానికి నోరు. రక్తంలో క్రియాటినిన్, అంటే కండరాల నుంచి పుట్టి మూత్రపిండాల ద్వారానే పోయే వ్యర్థం ఎంత ఉందో, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ జారుతోందో లేదో చూడటం చవకైన పనులు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, కుటుంబంలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏడాదికి ఒకసారి వీటిని చేయించుకోవాలి. శరీరద్రవాలను కొలిచే ఈ విద్యలో ఒక తెలుగువాడి చేయి ఉందని కూడా గుర్తు చేసుకోవచ్చు: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలత పద్ధతి రక్తానికీ మూత్రానికీ దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. పరీక్షను దాటవేసి చివరిదాకా వెళ్లినవారికి మిగిలేది డయాలసిస్, అంటే యంత్రం ద్వారా రక్తాన్ని శుద్ధి చేయడం. 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్, మాంసపు తొడుగులకు వాడే సెల్లోఫేన్ గొట్టాలతో దాని మొదటి ఆచరణయోగ్యమైన రూపాన్ని తయారు చేశాడు. అది ఎంతో ముందుకు వచ్చిన ఈ రోజున కూడా వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు పడుకొని చేయించుకునేది, ఆరోగ్యకరమైన మూత్రపిండం వారమంతా చేసే పనిలో కొద్ది భాగమే.

విసర్జన అలవాట్లు పడేది పెద్దల ఉపన్యాసాలతో కాదు, బడిలో. ఒంటికి వెళ్తానని వేలు చూపించిన పిల్లవాడిని ‘ఇప్పుడే ఇంటర్వెల్ అయింది కదా, కూర్చో’ అని కసిరే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి ఒక పాఠం చెబుతున్నాడు. గడియ లేని తలుపు, నీళ్లు రాని కుళాయి ఉన్న మరుగుదొడ్డి ఆడపిల్లలకు అంతకంటే కఠినమైన పాఠం చెబుతుంది. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరిన అమ్మాయి సాయంత్రం ఇంటికి చేరేదాకా నీళ్లు ముట్టకుండా ఉండటాన్ని నేర్పుగా భావించే వయసులో ఆ నేర్పు అబ్బితే, ఆమె పెద్దయ్యాక కార్యాలయంలోనూ, బస్సులోనూ దానినే వాడుతుంది. 2019లో కేరళ పాఠశాలల్లో ‘వాటర్ బెల్’ పేరుతో, పిల్లలందరూ నీళ్లు తాగడానికి వేళకు గంట కొట్టే పద్ధతి మొదలై, తర్వాత తెలుగు రాష్ట్రాల బడులకూ వచ్చింది. మంచి పద్ధతే, అయితే గంట మోగినప్పుడు తాగిన గ్లాసెడు నీళ్లు కొంతసేపటికి మూత్రాశయానికి చేరతాయి కాబట్టి, ఆ గంట కొట్టించే ప్రధానోపాధ్యాయుడు ముందుగా చూసుకోవలసింది ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా, లోపల బకెట్లో నీళ్లున్నాయా, తరగతి మధ్యలో లేచి వెళ్లే పిల్లను చూసి ఎవరైనా నవ్వుతున్నారా అన్నది.